దింపుడు కళ్లంలో ఎండ

"ఇది కట్టుకుంటే ఏమవుద్ది?" అని అడిగాడు పిల్లవాడు.

"ఏమీ అవదు నాన్నా," అంది తుహిన. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ అడిగేదే అది. ఆమె అందరికీ చెప్పేదీ అదే.

వాడు కొత్త చొక్కా తొడుక్కుని, బుగ్గన దిష్టిచుక్కతో, కాళ్ళు నేలకి అందని ఎత్తు కుర్చీలో కూర్చున్నాడు. ఐదో ఏడు నిండిన పిల్లలకు చలువపట్టీ కట్టడం సున్నపుగుట్టలో ఇప్పుడొక వేడుక. వెనకటికి పలకా బలపం పట్టించేటప్పుడు చేసిన హడావిడంతా ఇప్పుడు దీనికి చేస్తున్నారు. తల్లులు లడ్డూలు పంచుతారు. మేనమామలు పట్టీకి తగిలించడానికి వెండి పువ్వు తెస్తారు. పుట్టినప్పటి నుంచి నీడగదిలో, యంత్రం ఊదే చల్లగాలిలో పెరిగి, ఈ పట్టీల కేంద్రానికి కూడా చల్లగాలి బండిలోనే వచ్చిన పిల్లవాడు ఆ పూటే మొదటిసారి వీధిలో కాలు పెడతాడు మరి, సంబరం ఎందుకుండదు?

ఉండాలి. కానీ ఆ గదిలో సంబరం ఎక్కడుందని వెతికితే లడ్డూల డబ్బాలో తప్ప ఇంకెక్కడా దొరకదు. డబ్బా బల్ల మీద పెట్టి, తల్లులు బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. వంతు కోసం ఎవరూ గొడవపడరు, ఎవరూ ఎవరినీ తోసుకోరు, పిల్లవాడు బిక్కమొహం పెడితే దగ్గరికి లాక్కోరు. చలువపట్టీ వచ్చాక మనుషుల్లో మర్యాద పెరిగిందని పెద్ద మండలి వారు ఏటా ప్రసంగాల్లో చెప్పుకుంటారు. ఐదో ఏడు నిండే పిల్లలే ఏటికేడు తగ్గిపోతున్నారు. దానికి కారణమేమిటో కూడా మండలి వారు పరిశోధిస్తూనే ఉన్నారు.

తుహిన పట్టీని వాడి మెడ వెనక, వెంట్రుకలు మొదలయ్యే చోట ఆనించి, తల్లికి చెప్పవలసిన మాటలు చెప్పింది. ఇది ఎండను తగ్గించదు. చెమట ఎంత పట్టాలో, రక్తం ఎటు నడవాలో, గుండె ఎంత నిదానంగా కొట్టుకోవాలో ఒంటికి చెబుతుంది. వేడి, చలి అన్న కబురు మెదడుకు చేరనివ్వదు. కాబట్టి పొయ్యి దగ్గరా, స్నానాల గదిలోనూ వేడి కొలిచే వేడిముల్లు చూసుకోకుండా చెయ్యి పెట్టకూడదు. ఆరుబయట ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు. ఇంట్లో కూడా మాటిమాటికీ విప్పి పెట్టుకుంటుంటే గుండె లయ తప్పుతుంది. తల్లి అన్నిటికీ తలూపింది.

ఎండ యాభై దాటడం తుహిన పుట్టేనాటికే మామూలైపోయింది. ఆ రోజుల్లో పల్నాడు సగం ఖాళీ అయిందని, మిరప చేలు బీళ్ళు పడ్డాయని, మిగతా లోకం వెలగబెట్టింది కూడా ఏమీ లేదని పెద్దవాళ్ళు చెబుతారు. మనిషి పని అయిపోయిందని, ఈ నాగరికతకి ఇక నూకలు చెల్లాయని అందరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఏమీ పాలుపోని ఆ తరం తల్లిదండ్రులు కనీసం పిల్లల పేర్లలోనైనా చల్లదనం ఉండాలనుకున్నారు. తుహిన, హిమాద్రి, హేమంతం, వీధికి ఇద్దరు శిశిర్‌లు. పేర్లు పెడితే ఎండ తగ్గుతుందా? తరవాత పట్టీ వచ్చింది. ఎండ దానికీ తగ్గలేదు గానీ, తెలియడం మానేసింది. మనుషులు మళ్ళీ బయటికొచ్చారు. మిరప పండింది, ఇళ్ళ కప్పులన్నిటికీ ఏటా సున్నం పడింది, సముద్రం మింగిన ఊళ్ళ జనానికి మెట్ట మీద కొత్త ఊళ్ళు లేచాయి. తుహినకి పట్టీ కట్టింది మొదటి విడతలో, ఆమె ఐదో ఏట. అంతకు ముందరి సంగతులేవీ ఆమెకు గుర్తులేవు.

పిల్లవాడిని కుర్చీలోంచి దించుతుండగా ఫోను మోగింది. అంకమ్మ. తుహిన భర్త హిమాద్రికి మేనత్త, వాళ్ళింట్లోనే ఉంటుంది. పట్టీ వచ్చేనాటికే నడివయసు దాటిన మనిషి. ముదిరిన నరాలకి అది పట్టదు కాబట్టి ఆమెకు కట్టలేదు. చల్లగాలి ఉన్న ఇల్లు దాటి బయటికి రాదు.

"అమ్మాయ్, హిమా లేవట్లేదే," అంది అంకమ్మ. "ఎప్పుడు పోయాడో ఏందో, నేను చూసేసరికే చల్లబడిపోయాడు నా తండ్రి." తరవాత ఫోనులో ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు.

తుహిన గోడ మీది నాడీతెర వైపు చూసింది. ఊళ్ళో పట్టీ కట్టుకున్న ప్రతి మనిషికీ అందులో ఒక పచ్చచుక్క ఉంటుంది. పట్టీ ఒంటి మీద లేకపోతే ఆ చుక్క పసుపవుతుంది. హిమాద్రి చుక్క తను పొద్దున వచ్చేసరికే పసుపుగా ఉంది. అదేం కొత్త కాదు. ఆయన పట్టీ తరచూ మొరాయిస్తూనే ఉంటుంది, ఇప్పటికే రెండుసార్లు మార్చింది. సాయంత్రం ఇంకొకటి పట్టుకెళ్దాంలే అనుకుని పనిలో పడిపోయింది.

పొద్దున బయల్దేరుతూ ఆయన చెయ్యి పట్టుకుని "వెళ్ళొస్తా" అని చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆయన పలకలేదు. మంచి నిద్రలో ఉన్నాడనుకుంది. ఆ చెయ్యి వేడిగానూ లేదు, చల్లగానూ లేదు. ఎప్పుడూ ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"వస్తున్నా అత్తా," అంది.

గదిలో ఇంకా కొందరు పిల్లలు మిగిలి ఉన్నారు. వాళ్ళకి కట్టాకే బయల్దేరింది. కడుతున్నంతసేపూ ఆమె చెయ్యి వణకలేదు. వణకనందుకు కొంచెం భయం వేసింది. ఆ భయం కూడా పక్కింట్లో ఎవరికో వేసినట్టుంది.

హిమాద్రి బడిలో చరిత్ర చెప్పేవాడు. ఏటా పై తరగతి పిల్లలకు ఒకే అంశం మీద వాదన పెట్టేవాడు. నాగరికత కూలిపోతోందా, గట్టెక్కిందా? సగం మంది ఇటు, సగం మంది అటు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఇంకా పట్టీ కట్టని పంతుళ్ళు కొందరు మిగిలి ఉన్నప్పుడు, ఆ రోజు బడి కప్పు ఎగిరిపోయేదట. ఈ మధ్య రెండు పక్షాల వాళ్ళూ చక్కగా అంకెలు చదివి, నమస్కారం పెట్టి కూర్చుంటున్నారు. "ఎవరు గెలిచారన్నది ఓడినవాళ్ళకి కూడా పట్టట్లేదు," అని ఇంటికొచ్చి నవ్వేవాడు. మరి మీ తీర్పేమిటని తుహిన ఒకసారి అడిగింది. "గట్టెక్కాం, అందులో సందేహం లేదు. ఎక్కింది మనమేనా అన్నదే చూసుకోవాలి," అన్నాడు. ఆమె అప్పుడు బియ్యం కడుగుతోంది. మాట బాగుందనుకుంది, ఆలోచించలేదు.

ఇప్పుడాయన హాల్లో చాప మీద పడుకుని ఉన్నాడు. తలాపున అంకమ్మ. ఇంట్లో ఏడుస్తున్నది ఆమె ఒక్కతే. ఇరుగుపొరుగు వచ్చారు, చేతులు కట్టుకుని నిలబడ్డారు, "మంచి మనిషి" అన్నారు, మంచినీళ్ళు తాగి వెళ్ళారు. వాళ్ళు రాతిగుండె మనుషులేమీ కాదు. ఎవరికి ఏ సాయం కావాలన్నా పరుగున వస్తారు. చావింట్లో ఏం చెయ్యాలో మాత్రం వాళ్ళకి తట్టడం మానేసి చాలా కాలమైంది.

"కొలిమి వాళ్ళు మిట్టమధ్యాహ్నానికి రమ్మన్నారమ్మా," అన్నాడు హేమంతం. ఆయన హిమాద్రికి అన్నగారు. వెదుళ్ళు కోయించడం, పూలు తెప్పించడం అన్నీ ఆయనే చూస్తున్నాడు. కట్టెలకి కరువైన కాలం కాబట్టి ఊరి చివర గుట్ట మీద ఎండకొలిమి కట్టుకున్నారు. నిలువెత్తు అద్దాలు గుండ్రంగా నిలబెట్టి, ఎండనంతా ఒకచోటికి తోసి దహనం చేస్తారు. దానికి సూర్యుడు నడినెత్తిన ఉండాలి. తమని చంపబోయిన ఎండ చేతనే చివరి పని కూడా చేయించుకునే తెలివి ఆ తరానికి అబ్బింది.

తుహిన పక్కన కూర్చుని భర్త చెయ్యి పట్టుకుంది.

"ఎట్టా ఉందే?" అంది అంకమ్మ.

"ఎప్పటిలాగే ఉందత్తా."

"మంచుగడ్డలా ఉంటే! నీకు తెలవట్లా?"

"తెలియదు కదత్తా."

అంకమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ఆమెకేసి చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఆ చూపులో జాలి ఉంది. గొంతు తగ్గించి చెప్పింది.

"వాడి పట్టీ పాడవలేదే పిల్లా. వాడే తీసేవాడు. నువ్వు నిద్రపోయాక తీసి దిండు కింద పెట్టుకునేవాడు. ఎందుకురా ప్రాణం మీదికి తెచ్చుకుంటావంటే, దాని చెయ్యి వెచ్చగా ఉంటదత్తా, కాసేపు పట్టుకుని పడుకుంటా అనేవాడు. నీతో చెప్పబాక అన్నాడు. నువ్వు ఆ కేంద్రానికి అధికారివి, తెలిస్తే పైకి చెప్పాల్సొస్తది, దాన్ని ఇరకాటంలో పెట్టడం దేనికన్నాడు."

మాటిమాటికీ విప్పి పెట్టుకుంటుంటే గుండె లయ తప్పుతుంది. ఈ మాట తుహిన ఎంతమంది తల్లులకి చెప్పిందో. ఆయన్ని ఏది చంపిందో ఇప్పుడు అర్థమైంది. తన చెయ్యి. తను నిద్రలో ఆయనకి వదిలేసిన తన చెయ్యి. ఏడవాలని ఆమెకి గట్టిగా అనిపించింది. ఏడుపు లోపల ఎక్కడో ఒక తలుపు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. వేడి తెలిసే నరమూ, మనిషి దగ్గరితనం తెలిసే నరమూ ఒకే తాడులో నడుస్తాయని కేంద్రంలో వైద్యులు భోజనాల దగ్గర గొణుక్కుంటారు. బల్ల దగ్గర నుంచి లేచాక ఆ మాట ఎవరూ ఎత్తరు. తుహినా ఎత్తలేదు.

"కళ్లంలో నువ్వే పిలవాలి," అంది అంకమ్మ. "నేను ఆ ఎండలోకి రాలేను."

పాడెను కాటికి తీసుకెళ్ళే దారిలో ఒకచోట దింపి, దగ్గరి మనిషి పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఇంకా ఏ మూలనో ఉంటే పలుకుతారేమోనని. దింపుడు కళ్లం ఆశ అని మాటైతే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. ఆశపడి పిలిచినవాళ్ళని మాత్రం తుహిన ఎన్నడూ చూడలేదు. హాజరు పిలిచినట్టు మూడుసార్లు పిలిచి, పాడె ఎత్తమంటారు.

"పిలిచేటప్పుడు అది తీసెయ్యి," అని అంకమ్మ ఆమె మెడ వైపు చూపించింది. "రాయిలా పిలిస్తే బతికున్నోడు కూడా పలకడమ్మా."

"ఆరుబయట విప్పకూడదత్తా. నేనే విప్పితే ఎలా?"

"వాడు నీకోసం విప్పాడుగా," అంది అంకమ్మ. అంతకు మించి ఒత్తిడి చెయ్యలేదు.

పాడె బయల్దేరింది. ఆడవాళ్ళు కాటికి రాకూడదన్న పట్టింపు మనుషులు పలచబడిన రోజుల్లోనే పోయింది. తుహిన పాడె పక్కనే నడిచింది. తెల్లటి కప్పులు కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. దారి పొడుగునా ఒక్క చెట్టు నీడ లేదు, నీడ కావాలని ఎవరికీ తోచడమూ లేదు. ఊరు దాటాక మిరప ఆరబోసిన కళ్లాలు, వాటి పక్కనే నాపరాళ్ళు పరిచిన అరుగు. మోసేవాళ్ళు పాడెను ఆ అరుగు మీద దింపారు.

"కానివ్వమ్మా," అన్నాడు హేమంతం. "పొద్దు వాలితే అద్దాలు పనిచెయ్యవు."

తుహిన వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "హిమాద్రీ" అని పిలిచింది. కేంద్రంలో తరవాతి పిల్లవాడిని పిలిచినట్టు వచ్చింది గొంతు. రెండోసారి పిలిచింది. అదే గొంతు. అంకమ్మ సరిగ్గానే చెప్పింది, ఈ పిలుపుకి ఎవరూ లేవరు. ఇంకొక్కటే మిగిలింది. అది కూడా ఇలాగే పిలిచేసి ఇంటికి వెళ్తే ఆయనతో తన సంబంధం ఇంతటితో సరి. ఆమె చెయ్యి మెడ వెనక్కి వెళ్ళింది. కొక్కెం తీసింది.

ముందు నేల తెలిసింది. అరికాళ్ళు చురుక్కుమన్నాయి. తరవాత భోగిమంట ముందుకి ఎవరో నెట్టినట్టు ఎండ మొహం మీద పడింది. అది ఎండని ఆమెకి తెలియలేదు, దేనితోనూ పోల్చుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. భయం వేసింది. ఈసారి తనకే వేసింది. దాని వెనకే, ఆ తలుపు తెరుచుకున్నట్టుంది, పొద్దుటి నుంచి ఆగినవన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి.

"హిమా!" అని అరిచింది. ఆ కేకకి మోసేవాళ్ళు ఉలిక్కిపడ్డారు.

రెండు చేతులతో ఆయన మొహం పట్టుకుంది. వెచ్చగా ఉంది.

పొద్దున చల్లగా ఉన్నాడంది అత్త. మంచుగడ్డలా ఉన్నాడంది. ఇప్పుడు వెచ్చగా ఉన్నాడు. బతికున్న చెయ్యి వెచ్చగా ఉంటుందని ఆయనే అన్నాడట. ఛాతీ మీద చెయ్యి పెట్టింది. అక్కడా వెచ్చగానే ఉంది. ఇంత చదువు చదివి, ఇంతమందికి పట్టీలు కట్టిన మనిషి, ఆ క్షణాన ఇంకేమీ ఆలోచించలేదు.

"ఉన్నాడు! బావగారూ, ఉన్నాడు! ఒళ్ళు వెచ్చగా ఉంది చూడండి, బతికే ఉన్నాడు!"

ఎవరూ కదల్లేదు. మోసేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెచ్చగా ఉండటం అంటే ఏమిటో వాళ్ళకి మాత్రం ఏం తెలుసు? హేమంతం దగ్గరికి వచ్చి, జేబులోంచి వేడిముల్లు తీసి తమ్ముడి చెంపకి ఆనించాడు. చూశాడు. తరవాత దాన్ని పాడె వెదురుకి ఆనించాడు, అరుగు రాతికి ఆనించాడు. అదే వేడి, కాదంటే ఇంకా ఎక్కువ.

"ఎండమ్మా," అన్నాడు.

తుహిన వెదురు పట్టుకుని చూసింది. కాలిపోతోంది. మెడలో దండ ముట్టుకుంది. అదీ వెచ్చగానే ఉంది. మళ్ళీ ఆయన చెంప ముట్టుకుంది. తేడా లేదు. తేడా ఉందేమోనని మళ్ళీ మళ్ళీ ముట్టుకుని చూసింది. ఆ తరవాత అరుగు మీద కూలబడి ఏడ్చింది. పెద్దగా, పొగిలి పొగిలి, గొంతు పగిలేలా ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళకి ఏం చెయ్యాలో తోచలేదు. వాంతి చేసుకుంటున్న మనిషికి చోటిచ్చినట్టు ఒకావిడ రెండడుగులు వెనక్కి జరిగింది. తుహిన భర్త మొహానికి తన మొహం ఆనించి అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒంటి వెచ్చదనం ఆమెకి తెలిసింది ఆ కాసేపే. అదైనా ఆయనది కాదు.

కళ్ళు బైర్లు కమ్మాయి. తల పక్కకి వాలిపోతుంటే హేమంతం వంగి, ఆమె గుప్పిట్లోంచి పట్టీ తీసి మెడకి బిగించాడు. ఆయన చేసినదాంట్లో తప్పేమీ లేదు, ఇంకాస్త ఆలస్యమైతే రెండో పాడె కట్టవలసి వచ్చేది.

ఏడుపు మధ్యలో ఆగిపోయింది, మాట్లాడుతుండగా ఫోను తెగిపోయినట్టు. చెంపల మీద తడి మిగిలింది, కాసేపటికి అదీ ఆరిపోయింది. తుహిన లేచి చీర సర్దుకుంది. చేతులు చూసుకుంది. అరచేతులు కమిలి ఉన్నాయి, నొప్పి తెలుస్తోంది గానీ వేడి తెలియడం లేదు.

"పదండి," అంది.

ఇంటికొచ్చేసరికి అంకమ్మ గుమ్మం లోపల, చల్లగాలి అంచున నిలబడి ఉంది.

"పిలిచావా?"

"పిలిచానత్తా."

"తీసే పిలిచావా?"

"తీసే పిలిచాను."

అంకమ్మ ఆమె అరచేతులు తిప్పి చూసింది. మొహం కేసి చూసింది. "ఎట్టా ఉన్నాడు?" అంది.

"వెచ్చగా ఉన్నాడు."

చిన్నతనంలో చెప్పుల్లేకుండా మిరప కళ్లాల్లో పరుగెత్తిన మనిషి అంకమ్మ. మిట్టమధ్యాహ్నం రాతి అరుగు ఎలా ఉంటుందో, దాని మీద పడుకోబెట్టిన దేనికైనా ఏమవుతుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. కమిలిన ఆ అరచేతిని కొంగుతో మెల్లగా అద్దింది.

"వాడెప్పుడూ అంతేలే," అంది చివరికి. "చిన్నప్పుడు ఒళ్ళో పడుకోబెట్టుకుంటే నా కాళ్ళు చెమటలు పట్టేయి."

తుహిన చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. ఆ చెయ్యి ఎలా ఉందో తుహినకి తెలియలేదు.

కర్మకాండలయ్యాక తుహిన మళ్ళీ కేంద్రానికి వెళ్ళింది. మానేద్దామని అనుకోకపోలేదు. మానేస్తే ఆ కుర్చీ వెనక ఇంకొకరు నిలబడతారు. ఎవరూ నిలబడకపోతే పిల్లలు నీడగది గుమ్మం దాటలేరు. వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేలోగా ప్రాణాలు పోతాయి. ఆమె అరచేతుల మచ్చలు ఆ మాట రోజూ చెబుతూనే ఉన్నాయి.

గళ్ళ గౌను వేసుకున్న పాప ఎత్తు కుర్చీలో కూర్చుని, కాళ్ళు ఊపుతూ, "ఇది కట్టుకుంటే ఏమవుద్ది?" అని అడిగింది.

ఈసారి తుహిన ఏమీ అవదని చెప్పలేదు. వెనక లడ్డూల డబ్బా పట్టుకుని నిలబడ్డ తల్లిని, "ఒకసారి ఇటు రండమ్మా, వంగండి," అని పిలిచింది. ఆవిడ ఎందుకని అడగలేదు, డబ్బా పక్కన పెట్టి వంగింది. తుహిన పాప అరచెయ్యి పట్టుకుని తల్లి చెంప మీద పెట్టింది.

"ఎలా ఉంది?"

"వెచ్చగా ఉంది," అంది పాప.

"బాగా చూడు."

పాప రెండో చెయ్యి కూడా తల్లి రెండో చెంప మీద పెట్టింది. పెట్టి నవ్వింది. తల్లి వంగిన మనిషి వంగినట్టే, మర్యాదగా, అయ్యేదాకా ఓపిక పట్టింది.

"గుర్తుంచుకుంటావా?"

పాప తలూపింది. తుహిన చెయ్యవలసిన దానికన్నా కొంచెం ఎక్కువసేపే ఆగింది. వెనక వరసలో ఎవరూ విసుక్కోలేదు. ఆ తరవాత పట్టీ మెడకి ఆనించి కొక్కెం బిగించింది.

పాప చేతులు తల్లి చెంపల మీద కాసేపు అలాగే ఉన్నాయి. తరవాత వాటంతటవే కిందికి దిగాయి.